లెక్కల్లో దొరికిన మెదడు

పుర్రె చాటు లోకం – 7వ భాగం

గాలి ఎక్కించి మెదడుకు ఎక్స్‌రే తీసిన వాల్టర్ డాండీని, మెడ రక్తనాళంలోకి అయోడిన్ ద్రవం పంపిన ఎగాస్ మోనిజ్‌ను గత భాగంలో చూశాం. 1918లో ఒకరు, 1927లో ఒకరు వేసిన ఆ రెండు దారులే సుమారు యాభై ఏళ్ల పాటు వైద్యులకు గతి అయ్యాయి. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన 1969లో కూడా, తలలో గడ్డ ఉందేమోనని అనుమానం వస్తే పెద్దాసుపత్రుల్లో జరిగేది ఇదే. రోగి నడుము దగ్గర సూది గుచ్చి వెన్నునీరు తీసి, దాని బదులు గాలి పంపేవారు. గాలి పైకెక్కి మెదడు లోపలి అరల్లో చేరాక ఆ మనిషిని కుర్చీకి పట్టీలతో బిగించి, కుర్చీతో సహా తలకిందులు చేసేవారు. గాలిబుడగ అన్ని మూలలకూ తిరగాలి కదా మరి! వాంతులు అయ్యేవి. తలనొప్పి రోజుల తరబడి వదిలేది కాదు.

ఇంత హింసా పెట్టి చూసింది మెదడునా అంటే, కాదు. మెదడు లోపల ఉన్న ఖాళీలను. ఆ ఖాళీ ఎడమకు ఒరిగి కనిపిస్తే కుడివైపు నుంచి ఏదో నెడుతోందని ఊహించాలి. మోనిజ్ పద్ధతిలోనూ రక్తనాళం ఉండాల్సిన చోటు నుంచి ఎంత పక్కకు జరిగిందో చూసి, జరిపిందెవరో కనుక్కోవాలి. సర్జన్ పుర్రె తెరిచేది ఆ ఊహను నమ్ముకునే. ఊహ తప్పితే తెరిచిన చోట గడ్డ ఉండదు.

ఎక్స్‌రేకు ఎందుకింత చేతకానితనం? కారణాలు రెండు. పుర్రె ఎముక కిరణాలను బాగా అడ్డుకుంటుంది. దాని లోపలున్న మెత్తటి పదార్థాలకు, అంటే మెదడుకూ నీటికీ రక్తానికీ గడ్డకీ, కిరణాలను పీల్చుకోవడంలో ఉన్న తేడా నూటికి కొద్ది పాళ్లు మాత్రమే. రెండో కారణం ఇంకా మొండిది. ఎక్స్‌రే ఫిల్ములో ముందున్నవీ వెనకున్నవీ అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. పుస్తకంలోని పేజీలన్నిటినీ ఒకే కాగితం మీద అచ్చేస్తే ఎలా ఉంటుందో, తల ఎక్స్‌రే అలా ఉంటుంది. అక్షరాలన్నీ అందులోనే ఉన్నాయి, చదవడానికి మాత్రం ఒక్కటీ రాదు.

దీనికి విరుగుడు వైద్యంలో లేదు, లెక్కల్లో ఉంది. నాలుగు గళ్ల చదరం ఒకటి గీయండి. పై వరసలో 5, 2; కింది వరసలో 1, 8 రాసి, చేత్తో మూసేయండి. పక్కనున్న వాళ్లకు మొత్తాలు మాత్రం చెప్పండి: పై వరస 7, కింది వరస 9, ఎడమ నిలువు 6, కుడి నిలువు 10. వాళ్లు లోపలి అంకెలు చెప్పలేరు. 4, 3, 2, 7 అని వేసినా ఈ మొత్తాలే వస్తాయి. ఇప్పుడు ఐమూలగా కూడితే ఒకవైపు 13, మరోవైపు 3 అని ఇంకొక్క ముక్క చెప్పండి. ఇక 5, 2, 1, 8 తప్ప మరేదీ కుదరదు. ఒక దిక్కు నుంచి చూస్తే తేలనిది, మరిన్ని దిక్కుల నుంచి చూస్తే తేలిపోతుంది. తలలోంచి దూసుకుపోయిన ప్రతి ఎక్స్‌రే కిరణమూ ఇలాంటి ఒక మొత్తాన్ని మోసుకొస్తుంది. దారిలో తగిలిన పదార్థాలన్నీ కలిసి ఎంత పీల్చుకున్నాయో చెబుతుంది. తల చుట్టూ తిరుగుతూ కావలసినన్ని మొత్తాలు పోగుచేస్తే, లోపలి ఒక్కో గడిలో ఏముందో రాబట్టవచ్చు.

రాబట్టవచ్చని జోహాన్ రాడాన్ అనే ఆస్ట్రియా గణితజ్ఞుడు 1917లోనే నిరూపించాడు. రోగులతో గానీ ఎక్స్‌రేలతో గానీ ఆయనకు పని లేదు. అది శుద్ధ గణితం. వ్యాసం జర్మన్ భాషలో లైప్‌జిగ్‌లో అచ్చయింది. దాన్ని వైద్యులెవరూ చదవలేదు. చదవకపోవడంలో వాళ్ల తప్పూ లేదు.

ఆ తర్వాత యాభై ఏళ్లలో ఇదే ఆలోచన కనీసం మూడు చోట్ల, ఒకరికొకరు తెలియకుండా మళ్లీ పుట్టింది. నాకు ఈ కథలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఈ భాగమే.

మొదటిది దక్షిణాఫ్రికా. 1956లో కేప్‌టౌన్‌లోని గ్రూట్ షూర్ ఆసుపత్రిలో (తర్వాత పదకొండేళ్లకు క్రిస్టియాన్ బర్నార్డ్ మొదటి గుండె మార్పిడి చేసింది ఇక్కడే) భౌతికశాస్త్ర నిపుణుడు ఉద్యోగం మానేశాడు. రేడియోధార్మిక పదార్థాలు వాడే చోట అలాంటి నిపుణుడు ఉండి తీరాలని ఆ దేశపు చట్టం. దగ్గరలో దొరికిన మనిషి కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఆలన్ కార్మాక్. వారానికి ఒకటిన్నర రోజు వచ్చిపోతే చాలన్నారు. వచ్చిన కార్మాక్, క్యాన్సర్ రోగులకు రేడియేషన్ మోతాదు లెక్కగట్టే తీరు చూసి ఆశ్చర్యపోయాడు. శరీరం మొత్తం ఒకే పదార్థమైనట్టు, ఎముకా ఊపిరితిత్తీ కండా అన్నీ సమానమైనట్టు వేస్తున్నారు ఆ లెక్క! లోపల ఎక్కడ ఏముందో బయటి నుంచి కొలవాలి కదా అన్నది ఆయనకు పట్టుకున్న పురుగు.

1957లో అల్యూమినియం బిళ్లకు చుట్టూ కర్ర తొడిగి, దానిలోంచి గామా కిరణాలు పంపి కొలిచాడు. లెక్క వేస్తే కర్రా అల్యూమినియమూ విడివిడిగా తేలాయి. అయితే బిళ్ల నడుమ మాత్రం అంకె కాస్త తేడాగా వచ్చింది. వర్క్‌షాపులో వాకబు చేస్తే, బిళ్ల మధ్యలో కాస్త వేరే రకం లోహంతో చేసిన మేకు ఉందని తెలిసింది. తనకే తెలియని మేకును తన లెక్క పట్టేసింది. ఇంతకు మించిన రుజువు ఏం కావాలి?

అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి మారాక, 1963, 1964లలో కార్మాక్ ఈ పనిని రెండు వ్యాసాలుగా ప్రచురించాడు. వైద్యలోకం పలకలేదు. వచ్చిన కొద్దిపాటి ఉత్తరాల్లో ఒకటి స్విట్జర్లాండ్‌లో హిమపాతాల మీద పరిశోధన చేసే సంస్థది. వ్యాసం ప్రతి పంపమని అడిగారు. కార్మాక్ తన వేరే పనుల్లో పడిపోయాడు. తాను కష్టపడి సాధించిన గణితాన్ని రాడాన్ ఎప్పుడో సాధించేశాడన్న సంగతి ఆయనకు ఎన్నో ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

రెండోవాడు లాస్‌ఏంజెలెస్‌లోని న్యూరాలజిస్టు విలియం ఓల్డెన్‌డార్ఫ్. రోగులకు గాలి పరీక్షలు స్వయంగా చేసి చేసి విసిగిపోయిన మనిషి. కాలిఫోర్నియా నారింజ తోటల్లో చలికి గడ్డకట్టి లోపల ఎండిపోయిన కాయలను బయటి నుంచే కనిపెట్టి ఏరే యంత్రం కోసం అప్పట్లో ఒక ఇంజనీరు తంటాలు పడుతున్నాడు. ఆ మాట విన్నాక ఓల్డెన్‌డార్ఫ్‌కు ఆలోచన తట్టింది. ఇంట్లోనే యంత్రం కట్టాడు. పిల్లల బొమ్మ రైలు, దాని పట్టాలు, గ్రామఫోను పళ్లెం తిప్పే మోటారు, ఇవీ సామాన్లు. ప్లాస్టిక్ దిమ్మెలో ఇనుప మేకులు వలయాలుగా దిగేసి, వాటి నడుమ ఒక ఇనుప మేకు, ఒక అల్యూమినియం మేకు దాచాడు. చుట్టూ ఉన్న మేకుల అడ్డును దాటుకుని నడుమ ఉన్న రెంటినీ యంత్రం విడివిడిగా గుర్తుపట్టింది. 1961లో ప్రచురించాడు, 1963లో పేటెంటు వచ్చింది. ఒక ఎక్స్‌రే కంపెనీకి చూపిస్తే, పనిచేసినా సరే, తలను అడ్డకోతగా చూపడం తప్ప మరెందుకూ పనికిరాని ఇంత ఖరీదైన యంత్రాన్ని ఎవరు కొంటారని తిప్పి పంపారు. ఆయన దగ్గర లేనిది ఒక్కటే. కంప్యూటరు.

కంప్యూటరు ఉన్నవాడు మూడోవాడు.

గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ 1919లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌షైర్‌లో పుట్టి, పల్లెటూరి వ్యవసాయ క్షేత్రంలో పెరిగాడు. ఐదుగురు పిల్లల్లో ఆఖరివాడు. తన ఈడు పిల్లలు బంతాట ఆడుతుంటే ఇతను గడ్డివాము మీదెక్కి ఇంట్లో తయారుచేసిన గ్లైడరుతో దూకేవాడు. తారు పీపాల్లో నీళ్లు పోసి ఎసిటిలీన్ వాయువుతో ఎంత ఎత్తుకు ఎగరేయవచ్చో చూసేవాడు. చదువులో మార్కులు అంతంతమాత్రం. రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళంలో చేరి రాడార్ నేర్చుకుని, నేర్పాడు. యుద్ధం తర్వాత ఒక ఎలక్ట్రికల్ కాలేజీలో డిప్లొమా పొందాడు. విశ్వవిద్యాలయ పట్టా లేదు. 1951లో ఈఎంఐ కంపెనీలో చేరాడు.

ఈఎంఐ అంటే మన పాఠకులకు గ్రామఫోను రికార్డులే గుర్తొస్తాయి. బీటిల్స్ పాటలు అమ్మిన కంపెనీ. ఆ పాటల మీద వచ్చిన డబ్బే హౌన్స్‌ఫీల్డ్ అక్కడ కట్టిన యంత్రానికి, అంటే నేటి సీటీ స్కానుకు, పెట్టుబడి అయిందని ఒక కథ ప్రపంచమంతా తిరుగుతోంది. వినడానికి బాగుంటుంది, అందుకే చావదు. నిజానికి ఆ యంత్రం తయారీకి కంపెనీ కంటే బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య శాఖ పెట్టినదే ఎక్కువ. పాటగాళ్ల కంటే పన్ను కట్టినవాళ్లకే రుణపడి ఉన్నాం. ఆ వాక్యాన్ని ఎవరూ పోస్టరు మీద వేయరు, అంతే.

ఈఎంఐలో హౌన్స్‌ఫీల్డ్ ముందు రాడార్లు చూశాడు, తర్వాత పూర్తిగా ట్రాన్సిస్టర్లతో నడిచే ఎమిడెక్ 1100 అనే కంప్యూటరును రూపొందించిన బృందానికి నాయకుడయ్యాడు. కొన్నాళ్లకు కంపెనీ కంప్యూటర్ల వ్యాపారం నుంచి తప్పుకుంది. కంప్యూటరు జ్ఞాపకశక్తి మీద ఆయన చేపట్టిన ఇంకో ప్రాజెక్టూ వ్యాపారానికి పనికిరాదని ఆగిపోయింది. వేరే కంపెనీ అయితే ఏం చేసేదో గానీ, ఇక్కడ పైవాళ్లు ఆయనను ఏదైనా కొత్తది ఆలోచించుకోమని వదిలేశారు. 1967లో ఆలోచించుకున్నది ఇది: మూసిన పెట్టెలోంచి అన్ని దిక్కులా కిరణాలు పంపి కొలిస్తే, లోపల ఏముందో కంప్యూటరు చెప్పేయగలదు. రాడాన్ పేరు ఆయన వినలేదు. కార్మాక్ వ్యాసాలు చూడలేదు. 1968 ఆగస్టులో పేటెంటుకు దరఖాస్తు చేశాడు.

మొదటి యంత్రం పాత లేత్ మిషను మీద కట్టారు. కిరణాలకు అమెరీషియం అనే రేడియోధార్మిక మూలకం వాడారు. కిరణాలు మరీ బలహీనం. దాంతో ఒక్క అడ్డకోత కొలవడానికి తొమ్మిది రోజులు పట్టింది. వచ్చిన 28,000 కొలతలను కంప్యూటరు రెండున్నర గంటలు నమిలి బొమ్మ చేసింది. ఎక్స్‌రే గొట్టం పెట్టాక తొమ్మిది రోజులు తొమ్మిది గంటలయ్యాయి. పరీక్షకు ముందు మ్యూజియంలో భద్రపరిచిన మనిషి మెదడు తెచ్చారు. తెల్ల పదార్థం, బూడిద రంగు పదార్థం వేరువేరుగా కనిపించాయి. సంబరపడేలోపే అనుమానం పుట్టింది. ఫార్మలిన్‌లో ఏళ్లపాటు నానడం వల్ల ఆ తేడా పెరిగిందేమో? తాజా మెదడు కావాలి. ఎద్దు మెదళ్ల కోసం యూదుల మాంసం దుకాణానికి వెళ్లారు. మామూలు కబేళాల్లో జంతువును తల మీద కొట్టి స్పృహ తప్పిస్తారు, మెదడులో రక్తం చిమ్ముతుంది. యూదుల పద్ధతిలో గొంతు కోస్తారు, మెదడు చెక్కుచెదరదు. ఆ తాజా మెదళ్లలోనూ తేడా కనిపించింది.

యంత్రాన్ని మనిషి తల మీద పెట్టి చూడాలంటే ఆసుపత్రి కావాలి, వినే వైద్యుడు కావాలి. పేరున్న రేడియాలజిస్టులు కొందరు మాటల్లోనే కొట్టిపారేశారు. ఆరోగ్య శాఖ అధికారులు చివరికి వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రికి పంపారు. అక్కడి రేడియాలజిస్టు జేమ్స్ ఆంబ్రోస్ కూడా మొదట నమ్మలేదు. అయినా సీసాలో భద్రపరిచిన, గడ్డ ఉన్న మెదడు ముక్క ఒకటి ఇచ్చి పంపాడు. కొన్ని వారాలకు హౌన్స్‌ఫీల్డ్ బొమ్మతో తిరిగొచ్చాడు. గడ్డ అందులో స్పష్టంగా ఉంది. ఆంబ్రోస్ ఆ తర్వాత వెనక్కి చూడలేదు.

1971 అక్టోబరు 1. నలభై ఒక్క ఏళ్ల స్త్రీ. మెదడు ముందు భాగంలో, ఎడమవైపు గడ్డ ఉందని అనుమానం. యంత్రంలో తల చుట్టూ నీళ్లపెట్టె ఉంది. రబ్బరు టోపీ తలకు అంటుకుని నీటిలోకి చొచ్చుకుపోయేలా అమర్చారు, తల తడవదు. ఎక్స్‌రే గొట్టం ఒక పక్క, కిరణాలను కొలిచే పరికరం ఎదురుపక్క. రెండూ కలిసి ఒక వైపు నుంచి మరో వైపుకు సాగుతూ 160 కొలతలు తీసుకుంటాయి, ఒక డిగ్రీ తిరుగుతాయి, మళ్లీ 160. ఇలా 180 సార్లు, మొత్తం 28,800 కొలతలు. నాలుగైదు నిమిషాల పని. సూది లేదు, గాలి లేదు, తలకిందులు చేయడం లేదు. కదలకుండా పడుకోవడం ఒక్కటే ఆమె చేయాల్సింది.

లెక్క కట్టే కంప్యూటరు ఆసుపత్రిలో లేదు. కొలతలున్న టేపును కంపెనీకి పంపి, బొమ్మ కోసం రెండు రోజులు కాచుకున్నారు. నిలువుకు 80, అడ్డానికి 80, వెరసి 6,400 గళ్ల బొమ్మ. ఇప్పుడు చూస్తే ముతకగా, పిల్లలు గళ్ల కాగితం మీద రంగులు నింపినట్టుంటుంది. అయినా ఎడమవైపు ముందు భాగంలో గుండ్రటి నల్లటి మచ్చ ఎవరికైనా కనిపిస్తుంది. అది ద్రవం నిండిన గడ్డ. ఆపరేషన్ చేసిన సర్జన్ బొమ్మలో ఉన్నది ఉన్నట్టే లోపల ఉందని చెప్పాడు. ఆ బొమ్మ చూసి హౌన్స్‌ఫీల్డ్, ఆంబ్రోస్ ఇద్దరూ గెలుపు గోలు కొట్టిన ఫుట్‌బాల్ ఆటగాళ్లలా గంతులేశారట. పార్టీలకూ సభలకూ దూరంగా ఉండే ఆ బ్రహ్మచారి గంతులేయడం మామూలు సంగతి కాదు.

1972 ఏప్రిల్‌లో లండన్‌లో రేడియాలజిస్టుల సభలో ఈ సంగతి బయటపెట్టారు. 1973లో యంత్రం అమెరికా చేరింది. మేయో క్లినిక్, బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి తొలి కొనుగోలుదార్లలో ఉన్నాయి. డాండీ గాలి పరీక్ష కొన్నేళ్లలోనే కనుమరుగైంది. దాన్ని తలచుకుని బాధపడిన రోగి ఒక్కడూ ఉండడు.

ఇక్కడ ఒక భారతీయ పేరు చెప్పాలి. ప్రొటీన్ల నిర్మాణం మీద మద్రాసులో చేసిన పనితో అప్పటికే ప్రపంచప్రసిద్ధుడైన జి.ఎన్. రామచంద్రన్, తన సహచరుడు ఎ.వి. లక్ష్మీనారాయణన్‌తో కలిసి 1971లోనే అమెరికా సైన్స్ అకాడమీ పత్రికలో ఒక వ్యాసం అచ్చేశాడు. నీడల నుంచి లోపలి ఆకారాన్ని రాబట్టడానికి అప్పటి సుదీర్ఘమైన లెక్కల బదులు, దగ్గరి దారి ఒకటి అందులో చూపారు. హౌన్స్‌ఫీల్డ్ తొలి యంత్రం గళ్ల విలువలను మళ్లీ మళ్లీ సవరించుకుంటూ వెళ్లే పద్ధతి వాడింది. తర్వాతి తరం యంత్రాలు ఈ దగ్గరి దారి పట్టాయి. సీటీ స్కాను మనవాళ్లే కనిపెట్టారని వాట్సాప్‌లో ఎవరైనా పంపితే నమ్మకండి. రేడియో ఖగోళశాస్త్రంలో బ్రేస్‌వెల్ అనే ఆయన ఇలాంటి గణితాన్ని అంతకుముందే అందుకున్నాడు. అయితే ఈ శాస్త్రం చదివే ఇంజనీరింగ్ విద్యార్థి ఏ దేశంలోనైనా నేటికీ ఇద్దరి పేర్లూ కలిపి ‘రామ్-లాక్’ ఫిల్టర్ అని నేర్చుకుంటున్నాడన్నది మాత్రం నిజం. మన ఇంజనీర్లలోనే ఆ పేర్లు ఎవరివో అడిగితే చెప్పేవాళ్లు ఎందరు?

హౌన్స్‌ఫీల్డ్ తెచ్చిన అసలు మార్పు బొమ్మ కాదు. బొమ్మ వెనక ఉన్న అంకె. ఎక్స్‌రే ఫిల్మును చూసిన వైద్యుడు ‘కాస్త తెల్లగా ఉంది’ అనేవాడు, పక్కనున్నాయన ‘నాకలా అనిపించడం లేదు’ అనేవాడు. సీటీలో ప్రతి గడికీ ఒక విలువ ఉంటుంది. నీటికి 0, గాలికి మైనస్ 1000, గట్టి ఎముకకు 1000 దాకా. మెదడు పదార్థం సుమారు 25 నుంచి 40 మధ్య ఉంటుంది. అప్పుడే కారిన రక్తం 60, 70 దాకా పోతుంది. వీటిని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు అంటారు. కంటితో పోల్చడం పోయి, కొలవడం వచ్చింది.

ఈ కొలత వల్ల ఎక్కువ మారిపోయింది పక్షవాతం వైద్యం. కాలూ చెయ్యీ పడిపోయిన మనిషిని చూసి, మెదడులో రక్తనాళం మూసుకుపోయిందో, పగిలిందో పైనుంచి కచ్చితంగా చెప్పడం గొప్ప వైద్యుడికీ సాధ్యం కాదు. మూసుకుపోతే గడ్డకట్టిన రక్తాన్ని కరిగించాలి. పగిలితే అదే మందు ప్రాణం తీస్తుంది. సీటీలో నాళం పగిలి కారిన రక్తం నిమిషాల్లో తెల్లగా కనపడిపోతుంది. అమెరికాలో 624 మంది రోగులతో జరిగి, 1995లో వెలువడిన ప్రసిద్ధ పరిశోధనలో, లక్షణాలు మొదలైన మూడు గంటల్లోపు, సీటీ చూసి రక్తస్రావం లేదని తేల్చుకున్నాకే గడ్డ కరిగించే మందు ఇచ్చారు. మూడు నెలలకు చూస్తే, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లతో పోలిస్తే దాదాపు వైకల్యం లేకుండా బయటపడే అవకాశం వీళ్లకు కనీసం 30 శాతం ఎక్కువగా ఉంది. రక్తస్రావం ప్రమాదమూ పెరిగింది: అటు 0.6 శాతం ఉంటే, ఇటు 6.4 శాతం. సీటీ లేకుండా ఈ పరిశోధన మొదలయ్యేదే కాదు. పక్షవాతం వస్తే నాటుమందు కోసం ఊళ్లు తిరక్కుండా గంటల్లోపే స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలని మన వైద్యులు మొత్తుకునేది ఇందుకే.

పుట్టుకతోనే అంకెలైన బొమ్మకు ఇంకో సుళువు ఉంది. ఫిల్మును మోసుకెళ్లాలి, అంకెలు తీగ మీద వెళతాయి. అయితే ఒక కంపెనీ యంత్రం రాసిన అంకెలు ఇంకో కంపెనీ యంత్రానికి అర్థమయ్యేవి కావు. 1983లో అమెరికా రేడియాలజిస్టుల సంఘం, యంత్రాల తయారీదార్ల సంఘం ఒక కమిటీగా కూర్చుని, 1985లో ఉమ్మడి ప్రమాణం తెచ్చాయి. అదే పెరిగి 1993లో డైకామ్ అయింది. నేడు జిల్లా కేంద్రంలో అర్ధరాత్రి తీసిన సీటీని హైదరాబాద్‌లో ఇంటి దగ్గరున్న రేడియాలజిస్టు చూడగలుగుతున్నాడంటే దాని పుణ్యమే.

1975లో అమెరికాలో ప్రతిష్ఠాత్మకమైన లాస్కర్ బహుమతిని హౌన్స్‌ఫీల్డ్, ఓల్డెన్‌డార్ఫ్ ఇద్దరికీ ఇచ్చారు. 1979లో వైద్య నోబెల్ హౌన్స్‌ఫీల్డ్‌కూ కార్మాక్‌కూ వచ్చింది. ఓల్డెన్‌డార్ఫ్ పేరు లేదు. వైద్యంలో నోబెల్ అందుకున్న ఈ ఇద్దరూ వైద్యులు కారు, ఇద్దరికీ డాక్టరేటు కూడా లేదు. ఎవరూ పిలవకుండానే తన రోగుల బాధ చూడలేక మొదలుపెట్టిన వైద్యుడికి మాత్రం ఆ వేదిక మీద చోటు దొరకలేదు. బొమ్మ రైలుతో మనిషి తలను కొలవలేం, నిజమే. ఆ యంత్రాన్ని కట్టి చూపించింది హౌన్స్‌ఫీల్డే, అదీ నిజమే. అయినా నోబెల్‌కు మూడో కుర్చీ ఉంటుంది. అది ఖాళీగా ఉండిపోయింది.

ఈఎంఐకి మాత్రం ఈ కీర్తి లాభంగా మారలేదు. జనరల్ ఎలక్ట్రిక్ లాంటి అమెరికా దిగ్గజాలు వేగంగా పనిచేసే యంత్రాలతో దిగాక నిలబడలేకపోయింది. హౌన్స్‌ఫీల్డ్‌కు నోబెల్ వచ్చిన ఏడాదే కంపెనీ థార్న్ చేతికి వెళ్లిపోయింది. స్కానర్ల వ్యాపారమూ కొన్నాళ్లలోనే చేజారింది.

సీటీకి ఉన్న లోపాలు హౌన్స్‌ఫీల్డ్‌కు అందరికంటే బాగా తెలుసు. ఎక్స్‌రే కాబట్టి రేడియేషన్ తప్పదు. పుర్రె అడుగున మందపాటి ఎముకలున్న చోట, మెదడు వెనక భాగం గీతలు పడి మసకగా వస్తుంది. అందుకే ఈఎంఐ వాళ్ల హేస్ ప్రయోగశాలలోనే, ఆయన కంపెనీ మనుషులే అయిన హ్యూ క్లౌ, ఇయాన్ యంగ్ 1978లో ఎక్స్‌రేను పక్కనపెట్టి, మనిషి తలను అయస్కాంతం మధ్య ఉంచారు. ఒంట్లో ఉన్న నీటిలోని హైడ్రోజన్‌తోనే మెదడు బొమ్మ రాబట్టారు. దాని వెనకున్న పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్, రేమండ్ డమాడియన్‌ల గొడవ చిన్నది కాదు. వచ్చే భాగం పూర్తిగా వాళ్లదే.

(సశేషం)